ఫోనులో సూది వెయ్యడం నేర్చుకున్న పిల్లలు

మన వాడల చరిత్ర – 17వ భాగం



పోయిన భాగంలో సంక్షేమ హాస్టళ్ళ చరిత్ర రాశాను. అది చదివి పల్నాడు నుంచి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నా, హాస్టళ్ళు ఎట్లా పుట్టాయో రాశావు, బాగుంది. 2020లో వాటికి తాళాలేస్తే మేమేమైపోయామో కూడా రాయి. మమ్మల్ని ఇప్పటికీ కరోనా బ్యాచ్ అనే అంటున్నారు" అంది.

ఆమె 2019లో బీఎస్సీ నర్సింగులో చేరింది. నాన్న మున్సిపాలిటీలో పారిశుధ్య కార్మికుడు. అమ్మ మిరప కోతలకి పోతుంది. ఆ ఇంట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి ఆమే. 2023లో కోర్సు అయ్యాక ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇంటర్వ్యూకి పోతే అడిగిన మొదటి ప్రశ్న: "కరోనా బ్యాచ్చా? ఐవీ లైను పెట్టడం వచ్చా?" వచ్చు అని చెప్పింది. "నోటితో వచ్చు అన్నాను గానీ అన్నా, చేతులు వణికాయి" అంది నాతో.

ఆ వణుకు గురించే ఈ భాగం. అది ఆ అమ్మాయి తప్పు కాదు. సిగ్నల్ లేకపోవడం వల్ల మాత్రమే వచ్చింది కూడా కాదు. దాని వెనక నూట యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకపోతే 2020లో మన ఆడపిల్లలకి జరిగిన నష్టం ఎంతో అర్థం కాదు.

ఒళ్ళు ముట్టుకునే పని ఎవరిది?

నర్సింగ్ అంటే ఏమిటి? రోగి ఒళ్ళు తుడవాలి. మలమూత్రాలు తియ్యాలి. చీము కడగాలి. రక్తం అంటుకుంటుంది. కాన్పులో మాయ చేతిలోకి తీసుకోవాలి. శవాన్ని సర్దాలి. ఇవన్నీ మనుధర్మం అంటు అన్న పనులే. ఈ దేశంలో వైద్యం గౌరవమైన విద్య అయింది, సేవ మాత్రం అంటరాని పని అయింది. నాడి చూసేవాడు పండితుడు. పురిటి గుడ్డలు ఉతికేది, బొడ్డు కోసేది, చచ్చినవాళ్ళను మోసేది శ్రామిక కులాలు. మంగలి మంత్రసాని, చాకలి, మాల, మాదిగ ఆడవాళ్ళు లేకుండా ఏ అగ్రహారంలోనూ బిడ్డ భూమ్మీద పడలేదు. కానీ పురుడు పోసిన చెయ్యి పదకొండో రోజు తర్వాత ఆ గడప తొక్కడానికి లేదు.

అంటురోగాలు వచ్చినప్పుడల్లా ఈ లెక్క ఇంకా బయటపడేది. 1897లో పూణేలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రీబాయి ఫూలే ఏం చేసిందో మీకు తెలుసు. కొడుకు యశ్వంత్‌తో కలిసి ఊరి బయట రోగులకి వైద్యశాల నడిపింది. ముంఢ్వా మహర్‌వాడలో ప్లేగు సోకిన పిల్లవాణ్ణి వీపు మీద మోసుకొచ్చింది. ఆ పిల్లవాడు బతికాడు. ఆమెకి ప్లేగు అంటుకుంది. మార్చి 10న చనిపోయింది. మన పుస్తకాలు ఆమెని మొదటి టీచరమ్మ అని మాత్రమే చెబుతాయి. నర్సుగా పనిచేస్తూ చనిపోయిందని చెప్పవు. మే 12న నైటింగేల్ ఫొటోకి దండ వేసే నర్సింగ్ కాలేజీల్లో మార్చి 10న సావిత్రీబాయికి దండ వేసేవి ఎన్ని ఉన్నాయో మీరే చూడండి.

1918 ఇన్‌ఫ్లుయెంజాలో బొంబాయి నగరపు మరణాల లెక్కలు కులం వారీగా ఉన్నాయి. వెయ్యిమందికి యూరోపియన్లు 8 మంది పోయారు. సవర్ణ హిందువులు దాదాపు 19 మంది. కింది కులాలవాళ్ళు 61 మందికి పైగా. క్రిమికి కులం లేదంటారు. నిజమే. కానీ ఇరుకు గదికి, మురికి నీటికి, ఖాళీ కడుపుకి కులం ఉంది. దగ్గినవాడి దగ్గర ఎవరు కూర్చోవాలో నిర్ణయించిన సమాజానికీ కులం ఉంది.

మిషను ఆసుపత్రి తలుపు

మన ప్రాంతంలో ఈ పని చదువుగా మారింది మిషను ఆసుపత్రుల్లో. 1876–78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది చనిపోయారు. ఒంగోలు బాప్టిస్టు మిషను క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి, ముఖ్యంగా మాదిగలకి పని ఇచ్చాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దాన్ని కూటికోసం మతం మార్పు అని ఎద్దేవా చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కూడు పెట్టని మతం గురించి మాత్రం వాళ్ళు మాట్లాడరు.

1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ డాక్టరమ్మ గుంటూరు వచ్చింది. 1898లో ఆడవాళ్ళకి, పిల్లలకి ఆసుపత్రి కట్టింది. ఇప్పటికీ గుంటూరువాళ్ళు దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. మొగ డాక్టరుకి ఒళ్ళు చూపించుకోని ఆడవాళ్ళకి అది ప్రాణం పోసింది. వేలూరులో ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల శిక్షణ మొదలుపెట్టింది. మెదక్, డిచ్‌పల్లి వైపు మెథడిస్టులు ఆసుపత్రులు పెట్టారు. డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి ప్రత్యేకంగా ఆసుపత్రి నడిపారు.

ఈ ఆసుపత్రులకి నర్సులు కావాలి. పై కులాల ఇళ్ళ నుంచి ఎవరొస్తారు? పరాయి మగవాడి ఒళ్ళు తుడవడానికి, రాత్రి డ్యూటీ చెయ్యడానికి కూతుర్ని పంపే ఇల్లు ఏది? మిషను బళ్ళో నాలుగు అక్షరాలు నేర్చుకున్న మాల మాదిగ క్రైస్తవ పిల్లలు వచ్చారు. వితంతువులు, అనాథలు వచ్చారు. తరతరాలుగా ఏ పని చేసినందుకు అంటరానివాళ్ళన్నారో, దాదాపు అదే పనికి తెల్ల బట్టలు, జీతం, సర్టిఫికెట్టు, సిస్టర్ అనే పిలుపు దొరికాయి. నేను దీన్ని చిన్న విషయంగా చూడను. మా మేనత్త తెల్ల చీర కట్టుకుని ఊళ్ళోకి వచ్చినప్పుడు కమ్మవారి వీధిలో ఒక పెద్దావిడ "అమ్మా, కాస్త బీపీ చూస్తావా" అని అరుగు మీద కూర్చోబెట్టిందట. ఆ అరుగు మీద మా వంశంలో కూర్చున్న మొదటి మనిషి ఆమె.

మిషను ఆసుపత్రుల్ని ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. అక్కడా దొరసాని పైన, మన పిల్ల కింద. అక్కడా అణకువే మొదటి పాఠం. కానీ ఒక్క మాట మాత్రం నిజం. అక్కడ నేర్పు చేత్తో వచ్చింది. వార్డులో నిలబడి, పెద్ద నర్సు చేస్తుంటే చూసి, చేసి, తప్పు చేసి, తిట్లు తిని, మళ్ళీ చేసి నేర్చుకున్నారు.

తెల్ల చీర నుంచి ఫీజు రసీదు దాకా

1946లో భోర్ కమిటీ రిపోర్టు ఇచ్చేనాటికి దేశం మొత్తానికి సుమారు 7,000 మంది నర్సులు. అంటే 43,000 మందికి ఒకరు. అదే ఏడాది ఢిల్లీ, వేలూరుల్లో నర్సింగ్ డిగ్రీ మొదలైంది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. పని వృత్తి అయింది, వృత్తికి చట్టం వచ్చింది. మంచిదే.

కానీ రెండు దెబ్బలు పడ్డాయి. మొదటిది 1950 రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాదంది. తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి సడలించారు గానీ క్రైస్తవులకి, ముస్లింలకి ఇప్పటికీ లేదు. ఈ వృత్తిని మన వాడలకి తెచ్చిన కుటుంబాల పిల్లలే కాగితం మీద బీసీ–సీ అయ్యారు, ఒక్క శాతం రిజర్వేషన్‌తో. ఊళ్ళో మాదిగ, తాసీల్దారు ఆఫీసులో బీసీ–సీ.

రెండో దెబ్బ ప్రైవేటు. ఇవాళ నర్సింగ్ సీట్లలో అత్యధిక భాగం ప్రైవేటు కాలేజీలవే. ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక మన పిల్లలు పెద్ద సంఖ్యలో చేరారు, ఇది ఒప్పుకోవాలి. కానీ ప్రభుత్వం డబ్బు ఆలస్యం చేసినప్పుడల్లా కాలేజీ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చుంటుంది. సొంత ఆసుపత్రి సరిగా లేని కాలేజీ పిల్లల్ని బస్సులో ప్రభుత్వాసుపత్రికి తోలుతుంది. ఒక్క మంచం చుట్టూ పదిహేనుమంది. వెనక వరసలో నిలబడేది ఎవరు? ఇంగ్లీషు రానిది, ముందుకు తోసుకుని అడగలేనిది. అంటే కరోనాకి ముందే మన పిల్లకి మంచం దూరమయ్యింది. 2020 ఆ దూరాన్ని పూర్తి చేసింది.

2020 మార్చి

మార్చి 22 సాయంత్రం అయిదింటికి దేశమంతా పళ్ళాలు కొట్టింది. 25 నుంచి లాక్‌డౌన్. హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. ట్రంకుపెట్టె, రికార్డు బుక్కులు పట్టుకుని పిల్లలు ఇల్లు చేరారు. కొద్ది వారాల్లో ఫోనుకి మెసేజీ వచ్చింది, క్లాసులు ఆన్‌లైన్లో అని.

ఎవరి ఫోనులో? అంతకు కొద్ది నెలల ముందే జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్ళు 48.8, 57.4 శాతం. 2017–18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి నూటికి 4 పైచిలుకు. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 15 లోపు. ఇవన్నీ ఢిల్లీలో సర్కారు దగ్గరున్న లెక్కలే. తెలియక చెయ్యలేదు.

మా పల్నాడు చెల్లెలి ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోను. అది తమ్ముడిది. పొద్దున అతనికి క్లాసులు, మధ్యాహ్నం ఈమెకి. రోజుకి ఒకటిన్నర జీబీ. అనాటమీ వీడియో సగంలో ఉండగా డేటా అయిపోయేది. సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు మెట్లెక్కేది. ఏజెన్సీ పిల్లల సంగతి ఇంకా ఘోరం. కొండ ఎక్కితే ఒక గీత, దిగితే అదీ లేదు. ఒక గిరిజన విద్యార్థిని హాజరు కోసం రోజూ రెండు కిలోమీటర్లు నడిచి, "ప్రెజెంట్ మేడం" అని టైపు చేసి, తిరిగి నడిచి వచ్చేది. పాఠం ఆమె దాకా రాలేదు. హాజరు మాత్రం పడింది.

"వీడియో ఆన్ చెయ్యి" అని మేడం అడిగితే చెల్లెలు చెయ్యలేదు. ఒకటే గది. వెనక గోడ మీద అంబేడ్కర్ ఫొటో, పక్కన యేసు కేలండరు, మూలన నాన్న చీపురు. ఆ మూడూ కనబడితే ఇక కులం అడగాల్సిన పనేముంది? క్లాసు గదిలో యూనిఫాం వేసుకుని మూడు పాళ్ళు దాచుకున్న కులాన్ని కెమెరా నేరుగా చూపెట్టేస్తుంది. ఆన్ చెయ్యనందుకు ఆమెకి ఆబ్సెంట్ వేశారు. సెప్టెంబరు దాకా ఆమె హాజరు తక్కువ పడింది. "సోమరిపోతులు" అని మేడం గ్రూపులో పెట్టిన మెసేజీ స్క్రీన్‌షాటు ఇంకా ఆమె దగ్గర ఉంది.

హాస్టలు మూసినా ఆ కాలేజీ హాస్టలు ఫీజు అడగడం మానలేదు. చెల్లెలు పొద్దున ఉపాధి హామీ పనికి పోయేది. చెవిలో ఒక ఇయర్‌ఫోను పెట్టుకుని మట్టి తట్ట మోస్తూ ఫార్మకాలజీ వినేది.

చేతి విద్య

నర్సింగుకీ బీఏకీ తేడా ఇక్కడ ఉంది. చరిత్ర పాఠం ఫోనులో వినొచ్చు, కష్టమైనా. సూది ఫోనులో నేర్చుకోలేం. నాడి వేళ్ళకి తెలియాలి. నరం ఎక్కడుందో చూపుడు వేలు వెతుక్కోవాలి. గర్భిణి పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటుందో చెప్పాలి. ఇది అరచేతికి మాత్రమే వచ్చే చదువు.

పిల్లలు ఊరుకోలేదు. వాళ్ళు పడ్డ పాట్లు చరిత్రలో రాయాలి. బత్తాయిలోకి నీళ్ళ సిరంజి గుచ్చి ఇంజెక్షను నేర్చుకున్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరుని బతిమాలి బీపీ మిషను గంటసేపు తెచ్చుకున్నారు. నాయనమ్మని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి మార్చడం, ఒళ్ళు తుడవడం చేసి ఫొటో పంపారు. చెల్లెలు వాళ్ళమ్మ కాలికి తుండుగుడ్డతో కట్టు కట్టింది. "ముసలిదాన్ని కుంటిదాన్ని చేశావే" అని వాళ్ళమ్మ నవ్విందట. పక్కింటి గర్భిణిని చూడబోతే ఆశా వర్కరు వద్దని కేకలేసింది. కరోనా రోజులు, ఆమె అన్నదీ నిజమే.

అప్పటి నర్సింగ్ కౌన్సిల్ సిలబస్ ప్రకారం విద్యార్థిని 30 మంది గర్భిణుల్ని పరీక్షించాల్సి ఉండేది, 20 కాన్పులు స్వయంగా చెయ్యాల్సి ఉండేది. ఆ రెండేళ్ళలో చాలామంది కేసు బుక్కులు నిండాయి. ఎలా నిండాయో అందరికీ తెలుసు. సీనియర్ల బుక్కులు చూసి దించారు. దించమని చెప్పిందీ పెద్దలే, తర్వాత "మీకేం రాదు" అన్నదీ పెద్దలే. డబ్బున్న ఇంటి పిల్ల తెలిసిన నర్సింగ్ హోంలో పోయి నిలబడి నేర్చుకుంది. మన పిల్లకి తెలిసిన నర్సింగ్ హోం లేదు. నష్టం అందరికీ ఒకటే అనేవాళ్ళు ఈ తేడా చూడాలి.

పూలు చల్లారు, పిలిచారు

2020 మే 3న హెలికాప్టర్ల నుంచి ఆసుపత్రుల మీద పూలు చల్లారు. గాంధీ ఆసుపత్రి మీద కూడా. తర్వాత తొమ్మిది రోజులకి నైటింగేల్ 200వ జయంతి. ఆ ఏడాదిని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల సంవత్సరం అని ముందే ప్రకటించి ఉంది. అదే రోజుల్లో డ్యూటీ నుంచి వచ్చిన నర్సుల్ని ఇంటి ఓనర్లు ఖాళీ చెయ్యమన్నారు. గ్లాసు వేరు, మెట్లు వేరు, నల్లా వేరు. దేశానికి అది కొత్తగా అనిపించింది. మనకి కాదు. "సామాజిక దూరం" అనే మాట విన్నప్పుడు మన పెద్దవాళ్ళు ఎందుకు నవ్వారో, "భౌతిక దూరం అనండి" అని మనం ఎందుకు కొట్లాడామో ఇప్పుడు అర్థమయ్యిందనుకుంటాను.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2021 మే 3న, రెండో అల మధ్యలో కేంద్రం ఒక నిర్ణయం తీసుకుంది. బీఎస్సీ, జీఎన్ఎం పాసైన నర్సుల్ని పూర్తికాలం కోవిడ్ డ్యూటీకి వాడుకోవాలి, చివరి పరీక్షల కోసం చూస్తున్న విద్యార్థుల్నీ పెద్దల పర్యవేక్షణలో తీసుకోవచ్చు అని. వంద రోజులు చేస్తే ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రాధాన్యం అన్నారు. ఏడాదిపాటు రోగిని ముట్టుకోనివ్వకుండా ఫోను ముందు కూర్చోబెట్టిన పిల్లల్ని, ఒక్కసారిగా ఆక్సిజన్ అందని వార్డులోకి పిలిచారు.

గోదావరి జిల్లా నుంచి ఒక జీఎన్ఎం విద్యార్థిని వెళ్ళింది. వాళ్ళమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తుంది, విమానాలు లేక అక్కడే చిక్కుకుపోయింది. కూతురు పీపీఈ కిట్లో చెమటతో తడిసి, ఇక్కడ వార్డులో. ఆమె నాతో చెప్పిన సంగతి ఇది. "క్లాసులు విన్న ఫోనే అన్నా అది. ఆఖరి రోజుల్లో ఉన్న పేషెంట్ల ఇంటివాళ్ళకి దాంతోనే వీడియో కాల్ చేసి పట్టుకునేదాన్ని. ఒక తాతయ్య ఫోను కాదు, నా చెయ్యి పట్టుకున్నాడు. గ్లవ్స్ ఉన్నాయిగా. వదల్లేదు. నర్సింగ్ అంటే ఏంటో ఆ రోజు తెలిసింది."

ఆ కష్టానికి దక్కిందేమిటి? కోవిడ్ కోసం తాత్కాలికంగా తీసుకున్న నర్సులు అల తగ్గగానే ఇళ్ళకి పోయారు. 2021 జూలైలో తెలంగాణలో ఉద్యోగాలు పోయిన నర్సులు హైదరాబాదు రోడ్ల మీద ధర్నా చేశారు. పూలు చల్లిన హెలికాప్టరు ఆ రోజు రాలేదు.

మనలో మనం

ఒక మాట మన ఇంట్లో కూడా మాట్లాడుకోవాలి. ఇంట్లో ఒకటే ఫోనుంటే అది మొగపిల్లాడి చేతికే ఎందుకు పోయింది? "ఖాళీగానే ఉందిగా" అని ఆ రెండేళ్ళలో మన వాడల్లో ఎన్ని పెళ్ళిళ్ళు చేశాం? మా మిత్రులం కలిసి పాత ఫోన్లు పోగుచేసి 23 మంది విద్యార్థినులకి ఇచ్చాం. నెల తర్వాత అడిగితే ఆరు ఫోన్లు అన్నల జేబుల్లో ఉన్నాయి. సావిత్రీబాయి పేరు చెప్పే మనం ఈ ఆరు ఫోన్ల గురించి సిగ్గుపడాలి.

ఇప్పుడేం చెయ్యాలి

విద్యార్థి సంఘాల మిత్రులు ఈ డిమాండ్లు చర్చించండి. ఆ బ్యాచ్‌ల నర్సులకి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో స్టైపెండుతో కొన్ని నెలల వార్డు శిక్షణ ఇవ్వాలి, వాళ్ళ జేబులోంచి పైసా తీసుకోకుండా. ప్రతి జిల్లాలో ప్రభుత్వ నైపుణ్య ప్రయోగశాల ఉండాలి, ఏ కాలేజీ పిల్లయినా వచ్చి చెయ్యి తిప్పుకునేలా. మళ్ళీ ఆన్‌లైన్ అంటే ముందు ఫోను, డేటా స్కాలర్‌షిప్పులో భాగం కావాలి. ఫీజు బకాయి పేరుతో సర్టిఫికెట్లు ఆపడం ఆగాలి. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా కోసం చేసే పోరాటంలో నర్సుల్ని ముందు నిలబెట్టాలి, ఆ నష్టం వాళ్ళకంటే ఎవరికి తెలుసు?

నర్సు చెల్లెళ్ళకి, తమ్ముళ్ళకి ఒక మాట. మీ రికార్డు బుక్కులో రాయని సంగతులు విడిగా ఒక నోటుబుక్కులో రాయండి. బత్తాయిలు, వాటర్ ట్యాంకు మెట్లు, మట్టి తట్టలు, చెయ్యి వదలని తాతయ్య, అన్నీ. రేపు ఎవడో వచ్చి "మహమ్మారిలో నర్సింగ్ విద్య విజయవంతంగా ఆన్‌లైన్‌కి మారింది" అని రాస్తాడు. అప్పుడు చూపించడానికి మన దగ్గర కాగితం ఉండాలి.

పల్నాడు చెల్లెలు ఇప్పుడు హైదరాబాదులో ఐసీయూలో పనిచేస్తోంది. మొదటి మూడు నెలలు డ్యూటీ అయ్యాక కూడా ఉండిపోయి, ఒక సీనియర్ సిస్టర్ పక్కన నిలబడి నేర్చుకుందట. ఆ సిస్టర్‌ది ఒంగోలు దగ్గర పల్లె, వాళ్ళ నాయనమ్మ మిషను ఆసుపత్రి నర్సు. "ఇప్పుడు వణకవు అన్నా" అంది ఫోను పెట్టేసే ముందు. కొత్తగా వచ్చిన పిల్లలకి ఐవీ లైను తనే నేర్పుతోందట.

వచ్చే భాగంలో మంత్రసానుల చరిత్ర. మీ నాయనమ్మలు, అమ్మమ్మలు పురుళ్ళు పోసిన సంగతులుంటే అడిగి రాసి పంపండి.

జై సావిత్రీబాయి. జై భీమ్.